మూడో స్క్రూ

అతన్ని చుట్టాలంతా పైచూపులాయన అంటారు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దాటగానే ముందు చూసేది మనుషుల్ని కాదు, పైకప్పుని. ఇంటివాళ్ళు "రండి, కూర్చోండి" అనేలోపే అక్కడున్నది ఏ రకం లైటో, దాన్ని బిగించినవాడికి పని వచ్చో రాదో తేల్చేసుకుంటాడు. ఒకసారి పరామర్శకని చావింటికి వెళ్ళి, పైకి చూసి పెద్దగా నిట్టూర్చాడు. పాపం, ఎంత బాధపడుతున్నాడో అనుకున్నారు అక్కడివాళ్ళు. బయటికొచ్చాక భార్య చెవిలో అన్నాడు, "హోల్డరు వంకరగా పెట్టాడే ఎవడో!"

అతని తప్పేం లేదు. ఇరవయ్యారేళ్ళుగా లైట్ల దుకాణంలో పని. అంతకుముందు పదేళ్ళు నిచ్చెన భుజాన వేసుకుని వీధులు తిరిగాడు. బతుకంతా మెడ పైకెత్తే గడిచింది కాబట్టి నేల మీద ఏముందో చూసే అలవాటు తక్కువ. ఈ కథంతా ఆ తక్కువ వల్లే వచ్చింది.

దుకాణంలో అతని మాటకి విలువుంది. పైకప్పు లైట్లు మూడు జాతులంటాడు: వేలాడేవి, అతుక్కునేవి, దాక్కునేవి. వేలాడేవి షోకైనవి, కానీ ఇంట్లో పొడుగాటివాళ్ళుంటే వాళ్ళ నుదురు చెబుతుంది వాటి సంగతి. అతుక్కునేవి బుద్ధిమంతులు, ఇచ్చిన చోట పడుంటాయి. దాక్కునేవాటికి పైకప్పు కింద ఇంకో కప్పు కట్టాలి, అవి డబ్బున్నవాళ్ళ ముచ్చట. ఏది కావాలన్నా ముందు మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఆ గదిలో ఎవరుంటారు? అక్కడేం చేస్తారు? లైటుని తుడిచేదెవరు? మొదటి రెండింటికీ జవాబు చటుక్కున వస్తుంది. మూడోదానికి మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "అదిగో, అది తేల్చుకుని రండి, అప్పుడు చూపిస్తా" అని నవ్వుతాడు. ఊళ్ళోవాళ్ళందరినీ అడిగిన ఆ మూడో ప్రశ్న తన ఇంట్లో మాత్రం ఎప్పుడూ అడగలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

అతనికి ఒక అక్క ఉంది. పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, అక్కకి పద్దెనిమిది. ఆ మరుసటి నెలే ఆమె ప్రెస్సులో బైండింగు పనికి చేరింది. అచ్చయిన పెద్ద కాగితాలు, అంటే ఫారాలు, మడిచి, దారంతో కుట్టి, అట్టలు అతికి పుస్తకం చేసే పని. నలభై ఏళ్ళకి పైగా అదే చేసింది. కాగితాల దొంతిని బొటనవేలితో ఒక్కసారి జరజర వదిలితే ఎన్ని కాగితాలున్నాయో చెప్పేది, ఒకటో రెండో తప్ప తేడా వచ్చేది కాదు. ప్రెస్సులో మిగిలిన కత్తిరింపులతో తమ్ముడికి బడి నోటుపుస్తకాలు కుట్టేది. వాటి కుట్టు ఊడిందని అతను ఎన్నడూ చెప్పలేదు, ఊడితేగా. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ముందు వీణ్ణి ఎదగనీండి" అనేది. వీడు ఎదిగాడు. అప్పటికి ఆ మాట ఎత్తేవాళ్ళు మిగల్లేదు.

రెండేళ్ళ కిందట ఆమె పని మానేసి, కుట్టుచట్రం, సూదుల డబ్బా, జిగురు గిన్నె పట్టుకుని తమ్ముడింట్లో వెనక గదికి వచ్చింది. వచ్చినా చేతులు ఊరుకోలేదు. చిరిగిన పుస్తకాలు బాగుచేయించుకునేందుకు మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆమెకి మంచి లైటు పెట్టాలని తమ్ముడికి ఉబలాటం. దుకాణంలో అతనికి ఎంతో ఇష్టమైన గిన్నె లైటొకటి ఉండేది. పాలరంగు గాజు గిన్నె, అంచు చుట్టూ సన్నటి నీలం గీత. ఆ రకం ఇప్పుడు తయారు కావడం లేదు, మిగిలింది కొనేవాళ్ళకి చూపుడు కోసం వేలాడదీసిన ఆ ఒక్కటే. యజమానిని అడిగి తెచ్చి, అక్క వచ్చిన రోజునే బిగించాడు. అక్క దానికేసి చూసి, "ఎంత బాగుందిరా చిన్నోడా, పుస్తకం కుట్టినట్టు పెట్టావు" అంది. ఆమె నోట అంతకు మించిన మెచ్చుకోలు ఉండదు.

ఇక్కడ దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. గిన్నె లైటుకి పైన ఒక ఇనప రింగు ఉంటుంది. ఆ రింగుకి మూడు వైపులా మూడు స్క్రూలు, గాజు అంచుని పట్టుకునేందుకు. దుకాణంలో మాత్రం చూపుడు లైట్లకి రెండే బిగిస్తారు. రోజుకి పదిసార్లు దించి చూపించాలి కదా, మూడోది దండగ. దాన్ని కాగితంలో చుట్టి, పైన లైటు నంబరు రాసి, ఒక రేకు డబ్బాలో వేస్తారు. లైటు అమ్ముడుపోయిన రోజున డబ్బాలోంచి తీసి ఇస్తారు. గల్లాపెట్టె దగ్గర రసీదు రాసేటప్పుడు అది గుర్తొస్తుంది. అతను తెచ్చుకున్నదానికి రసీదు లేదు. ఇంటికొచ్చి నిచ్చెనెక్కాక చూసుకుంటే రెండే ఉన్నాయి. "సరేలే, రేపు తెస్తా" అనుకుని ఆ రెండింటితోనే బిగించి దిగాడు. మర్నాడు దుకాణంలో ఆ కాగితప్పొట్లాం తీసి, దాని మీద "అక్క, రేపు" అని కూడా రాశాడు. రాసి మళ్ళీ డబ్బాలోనే పడేశాడు. ఆ రేపు రెండేళ్ళు పట్టింది.

గిన్నె లైటుకి ఒకటే జబ్బు, పురుగులు పడతాయి. వెలుగుకి వచ్చి, లోపల పడి, చచ్చి, గాజు అడుగున నల్లగా పేరుకుంటాయి. అక్క కుట్టుబల్ల మీద నీడ పడటం మొదలైంది. "ఒరేయ్, ఆ గిన్నె ఒకసారి దులిపిపెట్టరా" అని మూడు వారాల్లో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "రేపక్కా" అన్నాడు. నాలుగోసారి అడగడం ఆమె స్వభావంలో లేదు. ఒక సెలవు రోజు పొద్దున, అతను ముందు గదిలో టీ తాగుతుండగా, వెనక గదిలో స్టూలు జరిపిన చప్పుడైంది. తర్వాత ఇంకో చప్పుడు. అది స్టూలుది కాదు.

పరుగెత్తి వెళ్ళేసరికి అక్క నేల మీద, మంచానికి ఆనుకుని పడి ఉంది. ఒక కాలు ఉండాల్సిన తీరులో లేదు. రెండు చేతులా పట్టుకున్న గాజు గిన్నె ఒళ్ళో ఉంది. చిన్న బీట కూడా లేదు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. తమ్ముణ్ణి చూసి మొదట అన్న మాట, "పగల్లేదురా, చూడు. పగలనివ్వలేదు."

అప్పుడు అతను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ అతనికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది. అక్కని చూడకుండా పైకి చూశాడు. అలవాటు. రింగులో ఒక స్క్రూ ఉంది. రెండోది అక్క వేళ్ళ మధ్య ఉంది. మూడో కన్నం రెండేళ్ళ దుమ్ముతో పూడుకుపోయి ఉంది. ఏం జరిగిందో ఆ క్షణమే అర్థమైంది. "ఒక్క స్క్రూ వదులు చేస్తే చాలక్కా, మిగతా రెండూ గిన్నెని పట్టుకుని ఉంటాయి" అని తనే ఎప్పుడో చెప్పాడు, దుకాణంలో అందరికీ చెప్పినట్టే. ఆమె అలాగే ఒక్కటే వదులు చేసింది. పట్టుకునేందుకు అవతల రెండు లేవు, ఒకటే ఉంది. గిన్నె జారింది. తమ్ముడు పెట్టిన లైటు పగిలిపోతుందని ఆమె రెండు చేతులూ చాపింది. స్టూలు మీద నిలబడ్డ మనిషి రెండు చేతులూ చాపితే ఏమవుతుందో తెలిసిందే.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. బాగానే అతుక్కుందన్నారు. రెండో వారం నుంచే నిలబెట్టి నడిపించాలన్నారు. వ్యాయామం నేర్పే అమ్మాయి వాకరు పట్టుకుని రోజూ వచ్చేది, వచ్చిన దారినే వెళ్ళేది. అక్క లేవనంటోంది.

"కాలు నొప్పా పెద్దమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"కాలుదేముందమ్మా, అతుక్కుందన్నారుగా. నా చేతులకే పట్టు పోయింది. ఇన్నేళ్ళూ ఈ చేతుల్నే నమ్ముకున్నాను. ఒక్క స్క్రూ తిప్పమంటే ఎంత తిప్పానో తెలియలేదు, ఊడేదాకా తిప్పేశాను కాబోలు. వాడు అంత ఇష్టంగా పెట్టింది. ఇప్పుడు ఈ చట్రం పట్టుకోమంటావు. ఇదీ వదిలేస్తాను. మళ్ళీ పడతాను."

సూదుల డబ్బా మూత తీయడం మానేసింది. పుస్తకాలు తెచ్చినవాళ్ళని మరదలితో వెనక్కి పంపించేసేది. తమ్ముడు గదిలోకి వచ్చినప్పుడల్లా, పైకి చూపు తిప్పుకుని, "నీ లైటు ఊడదీసి పాడుచేశాన్రా చిన్నోడా" అనేది. రోజూ అదే మాట. అతను "పోనీలే అక్కా" అనేవాడు. ఎంత పెద్దమనిషి చూడండి, పోనీలే అంట! తేలు కుట్టిన దొంగలా లోపల లోపల మండిపోతూ, పైకి క్షమించేస్తున్నాడు.

చెబుదామని అనుకోక కాదు. పడిన మర్నాడే దుకాణానికి వెళ్ళి, రేకు డబ్బా బోర్లించి, ఆ పొట్లాం వెతికి తీశాడు. "అక్క, రేపు" అన్న తన దస్తూరీ చూసి అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. అప్పట్నుంచి ఆ పొట్లాం చొక్కా జేబులోనే ఉంది. చొక్కా మారితే పొట్లాం కూడా మారుతుంది. రోజూ పొద్దున ఇవాళ చెప్పేయాలి అనుకుంటాడు. గదిలోకి వెళతాడు. ఆమె "నీ లైటు పాడుచేశాన్రా" అంటుంది. మందు మింగించి బయటికి వచ్చేస్తాడు. ఈ లోకంలో అతన్ని చూసి "వీడు పని చేస్తే తిరిగి చూడక్కర్లేదు" అని నమ్మే మనిషి ఒక్కతే ఉంది. ఆ నమ్మకం పోతే తనకి మిగిలేదేమిటన్నది అతని భయం. చెప్పకపోతే ఆమె లేవదు. చెబితే ఆమె కళ్ళలో తను నిలవడు. ఆరు వారాలు ఈ రెండింటి మధ్యే గడిపాడు.

ఆరో వారం చివర వ్యాయామం అమ్మాయి అతన్ని వరండాలోకి పిలిచి చెప్పింది. "చూడండి బాబాయ్ గారూ, ఇంకో పది పదిహేను రోజుల్లో కాలు కింద పెట్టకపోతే ఇక పెట్టలేరు. కండ చచ్చిపోతుంది. నేను బలవంతంగా లేపగలను గానీ, వాకరు పట్టుకోవాల్సింది ఆవిడే. మీ మాటైతే వింటారేమో."

ఆ సాయంత్రం భార్య కూడా పట్టుకుంది. అక్క గదిలో ఆ రోజు నుంచీ హోల్డరుకి ఉత్త బల్బు వేలాడుతోంది. గిన్నె అలమర పైన పాత దుప్పట్లో చుట్టి ఉంది.

"ఏమండీ, ఊరందరికీ లైట్లు పెడతారు. వదిన రోజంతా వెల్లకిలా పడుకుని ఆ బల్బుకేసి చూస్తోంది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకుంటోంది, చూశారా మీరు? పైకి తప్ప చూడని మనిషి, అది కనబడలేదా?"

కనబడింది. ఆ రింగు ఉన్న చోటికి నిచ్చెన వేసి ఎక్కాలంటే కాళ్ళు రాలేదు, అంతే. ఆ మాట అనలేక, "రేపు తెస్తా" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి రాగానే నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు దుకాణంలో పొద్దున్నే ఒక జంట వచ్చింది. కొత్త ఇల్లట. అతను అలవాటు ప్రకారం మూడు ప్రశ్నలూ అడగబోయి, మూడోది అడక్కుండా ఆగిపోయాడు. వాళ్ళకి గిన్నె లైటే నచ్చింది. దించి చూపించమన్నారు. నిచ్చెనెక్కి, కింద అరచెయ్యి ఆనించి, ఒక స్క్రూ వదులు చేశాడు. గిన్నె నేరుగా చేతిలోకి వచ్చేసింది. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది.

"అయ్యో, మేం తుడుచుకునేటప్పుడు కూడా ఇలాగే ఊడిపోతుందా అండీ?"

"లేదమ్మా, ఇది చూపుడుది కాబట్టి రెండే ఉన్నాయి. ఇంట్లో మూడు..." అని ఆగిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు, ఊరికే అడిగింది. అతనికి మాత్రం నిలదీసినట్టయింది. "మూడుంటాయమ్మా. మూడూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఎవర్నైనా ఎక్కనివ్వండి" అన్నాడు. చెప్పిన తీరుకి ఆ జంట భయపడి, పైకప్పుకి అతుక్కునే గాజులేని పళ్ళెం లైటు కొనుక్కుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్ళాక, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, అక్క గదికి ఏది పట్టుకెళ్ళాలా అని లైట్లన్నీ వేసి నిలబడ్డాడు. నిలబడి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ముప్ఫయ్యారేళ్ళుగా అలాగే చూశాడు మరి. ఉన్నట్టుండి, ఆమె నిలబడి చూడటం లేదుగా అని తట్టింది. ఒక అట్టపెట్టె విప్పి నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

కింద నుంచి చూస్తే అవి తనకి తెలిసిన లైట్లే కావు. నలుపలకల ప్యానెల్ లైటు, రోజుకి నాలుగు అమ్మేది, తెల్లటి గోడ మొహం మీదికి దిగుతున్నట్టుంది. వేలాడే లైటు పక్కనుంచి చూస్తే రాజసం, అడుగు నుంచి చూస్తే లోపలి బల్బు కంట్లో పొడుస్తోంది. దాక్కునే చిన్న లైట్లు ఒక్కొక్కటీ సూది. పది నిమిషాలు గడిచేసరికి కళ్ళలో నీళ్ళు కారాయి. పది నిమిషాలకే ఇంత అయితే, అక్క ఆరు వారాలు ఉత్త బల్బు కింద పడుకుంది. ఒక్కసారి కూడా "అది తీసెయ్" అనలేదు. లైటు పాడుచేసినదాన్ని, లైటు గురించి ఏ మొహంతో అడుగుతాను అనుకుని ఉంటుంది. అప్పుడు కారినవి వెలుగు వల్ల వచ్చిన నీళ్ళు కావు. దొర్లి దొర్లి దుకాణమంతా వెతికి, చివరికి ఒక మూల పళ్ళెం లైటు కిందికి చేరాడు. దాని వెలుగు కిందికి రాదు, అంచుల్లోంచి పైకప్పు మీదికి పాకి, అక్కణ్ణుంచి మెత్తగా దిగుతుంది. చూస్తుంటే కళ్ళు మూతలు పడ్డాయి. ఇదే, అనుకున్నాడు.

యజమాని వచ్చి, నేల మీద కళ్ళు మూసుకున్న మనిషిని చూసి గుమ్మంలోనే కేక పెట్టాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, "పోయావనుకున్నానయ్యా! నిలబడి అమ్మే సరుకుని పడుకుని చూస్తావేంటి?" అన్నాడు.

"మా అక్కకి" అన్నాడు అతను, లేచి దుమ్ము దులుపుకుంటూ.

సెలవు రోజు పొద్దున పెట్టె పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. భార్య నిచ్చెన తెచ్చి వేసింది. అక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. వాకరు గోడవారగా నిలబెట్టి ఉంది, దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది. అతను పెట్టె విప్పుతూ, దుకాణంలో చెప్పినట్టే గడగడా చెప్పాడు. దీనికి గాజు లేదు, పురుగులు పడవు, వెలుగు తగ్గించుకోవచ్చు, మంచం మీంచి లేవకుండా రిమోటుతోనే ఆర్పేయొచ్చు, పడుకున్నవాళ్ళ కంటికి ఇంతకన్నా హాయైనది దుకాణం మొత్తంలో లేదు.

అక్క అంతా విని తల ఊపింది. "బాగుందిరా. ఇక నేను చూసేది అదేగా." తర్వాత రోజూ అనే మాటే అంది. "నీ నీలం గీత లైటు పాడుచేశాన్రా. ఏమనుకోకు."

అతని చేతిలోంచి పెట్టె మూత జారింది. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు. జేబులోంచి పొట్లాం తీసి, విప్పి, ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు పాడుచేయలేదక్కా. ఇది లేదు. నేను పెట్టలేదు."

అక్క కళ్ళజోడు సర్దుకుని స్క్రూని చూసింది. "ఏంట్రా ఇది?"

"మూడోది. రెండేళ్ళ నుంచీ దుకాణంలో డబ్బాలో ఉంది. ఆ రోజు రెండింటితోనే బిగించాను. రేపు తెస్తాలే అనుకున్నాను."

ఆమె కాగితాన్ని కూడా తీసి చూసింది. దాని మీది రెండు మాటలూ చదివింది. అది ఎవరి దస్తూరీయో ఆమెకి చెప్పక్కర్లేదు, ఆ అక్షరాలు దిద్దించింది ఆమే.

"నేను ఒక్కటే వదులు చేశాను" అంది మెల్లగా.

"ఒక్కటే చేశావు. నేను చెప్పినట్టే చేశావు. మిగతా రెండూ పట్టుకోవాలి. పట్టుకునేందుకు అక్కడ ఒక్కటే ఉంది. ఎవరు ఎక్కినా ఊడేదే. నీ చేతుల్ది ఏ తప్పూ లేదు."

భార్య గుమ్మంలో కొయ్యబారిపోయి నిలబడింది, ఆమెకీ ఇప్పుడే తెలిసింది మరి. అక్క తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి, బొటనవేలిని చూపుడువేలి మీద జరజర రుద్దింది. కాగితాలు లెక్కపెట్టేటప్పుడు చేసినట్టు. ఆమె మొహంలో వెలుగు వస్తుందని అతను ఆశగా చూస్తున్నాడు. వచ్చింది కానీ, అతను అనుకున్న రకం కాదు.

"ఇది నీకెప్పుడు తెలుసు?"

"నువ్వు పడినప్పుడే."

"అంటే ఆరు వారాలు. రోజూ నీ లైటు పాడుచేశానని నేను చెబుతుంటే, రోజూ విన్నావన్నమాట."

అతను తల దించుకున్నాడు.

"పోనీలే అక్కా అన్నావు."

"అన్నాను."

"స్క్రూ మర్చిపోవడం మనుషులు చేసేదేరా. నేనూ ఒకసారి ఫారం తలకిందులుగా కుట్టాను, వంద పుస్తకాలు విప్పి మళ్ళీ కుట్టాను. దానికేమీ లేదు. కానీ నా చేతులు నావి కావనుకుని పడుకున్నాన్రా నేను. నువ్వు నా మంచం పక్కనే కూర్చుని, నా చేత మందులు మింగించి, పోనీలే అన్నావు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కాస్త సుఖంగా ఉండేది. "నిన్ను ఇలా పెంచానా నేను?"

అతను ఏడుస్తున్నాడు, యాభై రెండేళ్ళ మనిషి, నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని. అక్క ఊరుకోబెట్టలేదు.

"ఆ పెట్టె మూసెయ్" అంది.

"అక్కా, ఇది నీ కళ్ళకి..."

"అది పడుకున్నవాళ్ళ లైటని నువ్వే చెప్పావుగా. తీసుకుపో. పడుకున్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి అమ్ముకో. నా గిన్నె ఎక్కడుంది?"

మరదలు అలమర పైనుంచి దుప్పటి మూట దించి, గిన్నెని కడిగి, తుడిచి తెచ్చింది. అతను పళ్ళెం లైటుని పెట్టెలో పెట్టేసి, గిన్నె తీసుకుని నిచ్చెనెక్కాడు. ఒక స్క్రూ బిగించాడు. రెండోది బిగించాడు. గిన్నె నిలబడింది, కానీ ఇక దాన్ని నమ్మి చెయ్యి తీయలేకపోయాడు. రెండు అరచేతులూ గాజు కింద ఆనించి, "మూడోది అందించవే" అన్నాడు భార్యతో.

"నువ్వు ఆగమ్మాయ్" అంది అక్క. "అది నా దగ్గరుంది. నేనే ఇస్తాను. ఆ చట్రం ఇటు జరుపు."

మరదలు తువ్వాలు తీసేసి వాకరుని మంచం పక్కకి జరిపింది. అక్క స్క్రూని కాగితంలో మళ్ళీ చుట్టి పెదాల మధ్య పెట్టుకుంది, పూర్వం కుట్టేటప్పుడు సూదిని పెట్టుకున్నట్టు. రెండు చేతులా వాకరు పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడేదాకా పట్టుకుంది. మొదటిసారి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయింది. మరదలు చెయ్యి చాపితే కళ్ళతోనే వద్దంది. రెండోసారి లేచి నిలబడింది.

మంచానికీ నిచ్చెనకీ నాలుగడుగుల దూరం. అతను పైనుంచి చూస్తున్నాడు. అతని జీవితంలో పైకప్పు కింద నిలబడి నేలకేసి అంతసేపు చూడటం అదే మొదలు. దిగిపోయి ఆమెని పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. చేతులు తీస్తే గిన్నె ఏమవుతుందోనని భయం. ఆ రోజు ఆమె అక్కడ ఎలా నిలబడి ఉంటుందో ఇప్పుడు తెలిసింది. వాకరు ముందుకి జరిగింది, ఒక కాలు వచ్చింది, ఆగి ఆగి రెండోది వచ్చింది. నొప్పికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. మధ్యలో ఒకసారి తూలింది. చేతులు వదల్లేదు.

నిచ్చెన దగ్గరికి వచ్చాక, ఒక చెయ్యి వాకరు మీంచి తీసి, పెదాల మధ్యనుంచి పొట్లాం తీసుకుని పైకి చాపింది. అతను ఒక అరచెయ్యి గిన్నె కిందే ఉంచి, వంగి అందుకున్నాడు. ఆమె వేళ్ళు అతని వేళ్ళకి తగిలాయి. చల్లగా, గట్టిగా ఉన్నాయి.

రెండేళ్ళ దుమ్ము గోటితో గీకి, మూడో స్క్రూ పెట్టి తిప్పాడు. బిగిసింది. చేతులు తీశాడు.

"అయిపోయిందక్కా" అన్నాడు.

ఆమె కింద నిలబడి, తల పైకెత్తి, రింగు చుట్టూ చూపు తిప్పి మూడూ లెక్కపెట్టుకుంది. ఇన్నేళ్ళలో తమ్ముడు చేసిన పనిని ఆమె సరిచూడటం అదే మొదటిసారి.

"మళ్ళీ చూడు" అంది.

అతను మళ్ళీ చూశాడు.